బోరు మోటారుకు శక్తి లెక్క: యూనిట్ కరెంటులో ఎంత నీళ్లయింది, మిగతాది ఎటు పోయింది

ఒక యూనిట్ కరెంటులో ఉన్న శక్తి 3,67,000 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తు లేపడానికి సరిపోతుంది. అంతకుమించి ఒక్క చెంబు కూడా రాదు. ఏ కంపెనీ మోటారు దించినా, ఎంత మంచి మెకానిక్ బిగించినా రాదు. అవే నీళ్లు 70 మీటర్ల లోతు నుంచి రావాలంటే ఆ అంకెను 70తో భాగించాలి. అప్పుడు యూనిట్‌కు 5,243 లీటర్లు. నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు వైపు, అంత లోతు బోరు దగ్గర కొలిచి చూస్తే 1,500 లీటర్లు కూడా తేలకపోవడం మామూలే. తక్కినది వేస్టయింది అనేస్తాం. శక్తి నిత్యత్వ నియమం ఆ మాటను ఒప్పుకోదు. శక్తి మాయం కాదు కాబట్టి, నీళ్లుగా మారని ప్రతి వాటూ ఎక్కడో ఒకచోట వేడిగా తేలి ఉండాలి. ఆ చోట్లు కనిపెట్టి, ఒక్కోచోట ఎన్ని వాట్లు పోతున్నాయో రాసుకోవడమే ఇక్కడ చెప్పే పని. ఒక పూట పడుతుంది, అంతే.

3,67,000 ఎలా వచ్చిందో ముందే చూసుకుంటే తర్వాత ఏ సందేహమూ ఉండదు. యూనిట్ అంటే 1,000 వాట్లు గంటసేపు నడవడం. ఒక వాటు సెకనుసేపు నడిస్తే ఒక జౌలు. గంటకు 3,600 సెకన్లు కాబట్టి మొత్తం 36,00,000 జౌళ్లు. కిలో నీటిని మీటరు ఎత్తు లేపడానికి పట్టేది 9.81 జౌళ్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3,66,972. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి అన్ని లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు.

సాగుకు కరెంటు ఉచితం కదా, ఈ లెక్క మనకెందుకు అని అడిగేవాళ్లున్నారు. కరెంటు ఉచితమే, కానీ అది వచ్చేది రోజుకు 9 గంటలు. ఆ 9 గంటల్లో 65,000 లీటర్లు పారుతుందా, 90,000 లీటర్లు పారుతుందా అన్నదాన్ని బట్టే ఏప్రిల్‌లో నిమ్మతోట ఎన్ని ఎకరాలు నిలబడుతుందో తేలుతుంది.

కావలసిన సామాను

200 లీటర్ల డ్రమ్ము ఒకటి, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, 0 నుంచి 7 కిలోల వరకు చూపే ప్రెషర్ గేజీ ఒకటి, వైరును దవడతో పట్టి ఆంపియర్లు చూపే టాంగ్ టెస్టరు, మల్టీమీటరు. బోరులో నీటిమట్టం కొలవడానికి 6 లేక 8 మిల్లీమీటర్ల సన్న నైలాన్ ట్యూబు, సైకిల్ పంపు. పంపు పైకి తీసిన రోజునే ఆ ట్యూబును కాలమ్ పైపు, అంటే పంపు నుంచి నీళ్లు పైకి తెచ్చే పైపు, వెంట కట్టి దించాలి. తర్వాత దించుదాంలే అనుకుంటే కుదరదు. నడుస్తున్న బోరులోకి బరువు కట్టిన తాడు వదిలితే కేబులుకు చుట్టుకుని పంపును పైకి తీసేదాకా వస్తుంది.

స్టార్టరు పెట్టె తలుపు తీసి టాంగ్ టెస్టరు పెట్టే పనికి పొడి చెప్పులు, పొడి చేతులు తప్పనిసరి. అలవాటు లేనివాళ్లు మోటారు మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేయించుకోవాలి. పెట్టెకు ఎర్త్ సరిగా లేకపోతే ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాతే కొలతకు దిగాలి.

మొదటి కొలత: నీళ్లు

200 లీటర్ల డ్రమ్ము అంచుదాకా నింపితే 200 కన్నా ఎక్కువే పడుతుంది. అందుకే 20 లీటర్ల క్యాను పది సార్లు పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ పెయింటుతో గీత పెట్టండి. ఆ గీతే మీ 200 లీటర్లు.

మోటారు వేసిన గంట తర్వాతే కొలవాలి. వేసిన వెంటనే బోరులో మట్టం ఎక్కువగా ఉంటుంది, ధార జోరుగా వస్తుంది, ఆ అంకె రోజంతా నిలవదు. మూడుసార్లు నింపి సగటు తీయండి. డ్రిప్‌కు కలిపిన బోరయితే ఒక మెలిక ఉంది. డ్రిప్ నడుస్తున్నప్పుడు డెలివరీ దగ్గర గేజీ 1.5 కిలోలు చూపిస్తోందనుకోండి. పైపు విప్పి డ్రమ్ములోకి వదిలితే ఆ ఒత్తిడి పోయి నీళ్లు ఎక్కువగా వస్తాయి, లెక్క తప్పుతుంది. గేట్ వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ గేజీని మళ్లీ 1.5 దగ్గర నిలిపి అప్పుడు డ్రమ్ము పట్టాలి. ఆ 1.5 కిలోలను 15 మీటర్ల ఎత్తుగా లెక్కలో కలపాలి. గేజీలో ఒక్కో కిలో పది మీటర్ల నీళ్లకు సమానం.

డెల్టాలో, కోవూరు వైపు, లోతు తక్కువ, ధార పెద్దది. అక్కడ డ్రమ్ము పది సెకన్లకే నిండుతుంది, చెయ్యి ఒక సెకను తడబడినా పది శాతం తేడా వస్తుంది. అలాంటిచోట తొట్టి వాడండి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు తొట్టిలో నీళ్లు 30 సెంటీమీటర్లు పెరిగితే 1,800 లీటర్లు వచ్చినట్టు.

ఉదాహరణకు ఒక 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ తీసుకుందాం. పంపు 90 మీటర్ల దగ్గర ఉంది. కాలమ్ ఒకటింబావు అంగుళం జీఐ పైపు. బోరు మూతి దగ్గర తెరిచిన పైపు నుంచి 200 లీటర్లు 100 సెకన్లలో నిండాయి. సెకనుకు 2 లీటర్లు.

రెండో కొలత: లోతు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పంపు 90 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి నీళ్లు 90 మీటర్ల నుంచి లేస్తున్నాయని కొందరు లెక్క వేస్తారు. అది తప్పు. పంపు పైన నిలిచి ఉన్న నీళ్లు తమ బరువుతో పంపులోని నీళ్లను పైకి నెడుతూ సాయపడతాయి. లెక్కకు కావలసింది నీటి పైమట్టం. ఉదయాన్నే మోటారు వేయకముందు మట్టం చూసి రాసుకునేవాళ్లు ఇంకొందరు. అదీ తప్పే. ఆగి ఉన్న బోరులో 48 మీటర్ల దగ్గర ఉన్న నీళ్లు, గంట తోడాక 70 మీటర్లకు జారిపోవచ్చు. తోడుతున్నప్పుడు నిలకడగా ఉన్న మట్టమే అసలైన లోతు.

దాన్ని నైలాన్ ట్యూబుతో ఇలా పట్టాలి. ట్యూబు కింది కొస 88 మీటర్ల దగ్గర ఉందనుకుందాం. పైకొసకు టీ బిగించి, ఒకవైపు గేజీ, ఒకవైపు సైకిల్ పంపు పెట్టండి. గాలి కొడుతుంటే ట్యూబులోని నీళ్లు కిందికి దిగుతూ గేజీ ముల్లు పెరుగుతుంది. ట్యూబు మొత్తం గాలితో నిండాక ఎంత కొట్టినా ముల్లు పెరగదు, గాలి కిందినుంచి బుడగలుగా పోతుంది. ముల్లు ఆగిన చోట 1.8 ఉంటే, ట్యూబు కొస మీద 18 మీటర్ల నీళ్లున్నాయి. 88లోంచి 18 తీస్తే 70 మీటర్లు. ముల్లు ఆగకుండా మెల్లగా జారుతుంటే ట్యూబు ఎక్కడో కారుతోంది, ఆ అంకెను నమ్మకండి.

సెకనుకు 2 లీటర్లు, 70 మీటర్లు. నీళ్లకు అందిన స్థితి శక్తి సెకనుకు 2 × 9.81 × 70 = 1,373 జౌళ్లు, అంటే 1,373 వాట్లు. మోటారు మీద రాసిన 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లు. ఇక్కడే తేడా కళ్లకు కడుతుంది.

మూడో కొలత: కరెంటు

కరెంటు మీటరు ఉంటే అదే మేలు. మీటరు ముఖం మీద యూనిట్‌కు ఎన్నిసార్లు లైటు మెరుస్తుందో రాసి ఉంటుంది. మన ఉదాహరణలో 800 అనుకుందాం. మోటారు ఒక్కటే నడుస్తుండగా మూడు నిమిషాల పాటు మెరుపులు లెక్కపెడితే 196 వచ్చాయి. 196ను 800తో భాగిస్తే 0.245 యూనిట్. మూడు నిమిషాలు గంటలో ఇరవయ్యో వంతు, కాబట్టి గంటకు 4.9 యూనిట్లు. మోటారు తీసుకుంటున్నది 4,900 వాట్లు.

మీటరు లేకపోతే టాంగ్ టెస్టరుతో ఒక్కో ఫేజు వైరును విడివిడిగా పట్టి ఆంపియర్లు చూడండి. మూడు వైర్లూ కలిపి ఒకేసారి దవడలో పెడితే సున్నా దగ్గర చూపిస్తుంది. చాలామంది టెస్టరు పాడైందనుకుంటారు, కాదు. మూడింటి సగటు 8.7 ఆంపియర్లు, ఫేజుల మధ్య 400 వోల్టులు, పవర్ ఫ్యాక్టరు (వోల్టులు, ఆంపియర్ల లెక్కలో నిజంగా వాట్లయ్యే వాటా) 0.82 అనుకుంటే 1.732 × 400 × 8.7 × 0.82 = సుమారు 4,940. మీటరు చెప్పినదానికి దగ్గరే వచ్చింది. పవర్ ఫ్యాక్టరు మనం అనుకున్నది కాబట్టి ఈ దారిలో పది శాతం అటూ ఇటూ ఉంటుంది.

ఇక దక్షత, అంటే తీసుకున్న శక్తిలో పనికొచ్చిన వాటా: 1,373ను 4,900తో భాగిస్తే 28 శాతం. లీటర్ల లెక్కలోనూ సరిచూడండి. గంటకు 7,200 లీటర్లు, 4.9 యూనిట్లు, యూనిట్‌కు 1,469 లీటర్లు. మొదట చెప్పిన 5,243 మీద అదీ 28 శాతమే. రెండు దారుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఎక్కడో కొలత తప్పింది, మళ్లీ మొదలుపెట్టండి.

మిగిలిన 3,527 వాట్లు

ఇప్పుడు కరెంటు నడిచిన దారిలోనే మనమూ నడవాలి. స్టార్టరు నుంచి మొదలుపెట్టి బోరు అడుగుదాకా దిగి, నీళ్లతోపాటు పైకి రావాలి.

కేబులు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులుకు కిలోమీటరుకు 7.4 ఓంల నిరోధం. స్టార్టరు నుంచి మోటారు దాకా 120 మీటర్లుంటే ఒక్కో ఫేజులో 0.89 ఓం. ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, నిరోధంతో గుణించి, మూడు ఫేజులకు మూడుతో గుణిస్తే 202 వాట్లు. రెండు పెద్ద సీలింగ్ ఫ్యాన్లు తిరిగే కరెంటు కన్నా ఎక్కువ, కేబులును వెచ్చబెట్టడానికే. 4 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేస్తే ఇది 126కు దిగుతుంది. ఇందులో జాయింట్ల లెక్క లేదు. స్టార్టరులో ఒక స్క్రూ వదులైతే అక్కడి నిరోధం కొద్దిపాటిదే అయినా వేడి మొత్తం గోరంత చోట పుడుతుంది. ప్లాస్టిక్ నల్లబడి వాసన వచ్చేది అందుకే.

మోటారు. కేబులు దాటి మోటారుకు చేరినవి 4,698 వాట్లు. ఈ సైజు సబ్‌మెర్సిబుల్ మోటారు దక్షత 75 శాతం దగ్గర ఉంటుంది. వైండింగ్‌లో, ఇనుప పలకల్లో, లోపలి నీటి రాపిడిలో 1,175 వాట్లు వేడవుతాయి. షాఫ్టుకు దక్కేవి 3,523.

పైపు. ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఒకటింబావు అంగుళం పైపులో సెకనుకు 2 లీటర్లు పోవాలంటే నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 90 మీటర్ల పొడవునా గోడలకు ఒరుసుకోవడానికి అయ్యే ఖర్చు 17 మీటర్ల ఎత్తుతో సమానం, 333 వాట్లు. పంపు దృష్టిలో ఈ బోరు 70 మీటర్లది కాదు, 87 మీటర్లది. తుప్పు పట్టి గరుకెక్కిన పాత పైపయితే 17 కాస్తా 23 అవుతుంది. అదే ధారకు ఒకటిన్నర అంగుళం పైపులో 8 మీటర్లు, రెండంగుళాల పైపులో రెండున్నర మీటర్లలోపే. పైపు కొంచెం వెడల్పయితే ఒరిపిడి ఇంతగా పడిపోవడం నమ్మబుద్ధి కాదు కానీ, లోపలి వ్యాసం ఎన్ని రెట్లయితే, ఆ అంకెను ఐదుసార్లు వేసి గుణించినన్ని రెట్లకు దగ్గరగా ఒరిపిడి తగ్గుతుంది.

పంపు. షాఫ్టుకు దక్కిన 3,523 నుంచి నీళ్లకు అందిన 1,373, పైపులో పోయిన 333 తీసేస్తే మిగిలేవి 1,817 వాట్లు. ఇవి ఇంపెల్లర్లు (నీళ్లను తోసే తిరిగే చక్రాలు), వాటి చుట్టూ ఉండే బౌల్స్ మధ్య సుడులుగా తిరిగి వేడయ్యాయి. పంపు దక్షత 48 శాతం. ఈ రకం పంపు కొత్తగా, తన ఎత్తుకు తగినచోట నడుస్తుంటే 55 నుంచి 60 దాకా రావాలి. ఇసుక తిన్న ఇంపెల్లర్లకు, అరిగిన రింగులకు ఇది గుర్తు. లేదంటే 120 మీటర్ల కోసం తయారైన పంపును 70 మీటర్ల బోరులో దించారు.

కూడి చూడండి: 202, 1,175, 333, 1,817, వీటికి నీళ్లకు దక్కిన 1,373. మొత్తం 4,900. నీళ్ల వేగంలో ఉన్న గతి శక్తి 4 వాట్లే, అది ఈ అంకెల్లో కలిసిపోయింది. మోటారు దక్షత మనం అనుకున్నది కాబట్టి మోటారు, పంపుల వాటాలు ఓ యాభై, వంద వాట్లు అటూ ఇటూ జరగొచ్చు. మొత్తం మాత్రం మారదు.

ఆ వేడి నిజంగా ఉందా

ఉంది. మోటారు, పంపు, పైపుల్లో పుట్టిన 3,325 వాట్ల వేడినీ సెకనుకు 2 లీటర్ల నీళ్లు మోసుకొస్తున్నాయి. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4,186 జౌళ్లు పడతాయి, కాబట్టి నీళ్లు వేడెక్కేది 0.4 డిగ్రీ. చేతికి తెలియదు. బోరు నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా అనిపించేది భూమి వెచ్చదనం వల్లే, మోటారు వల్ల కాదు.

నీళ్లు పారుతున్నంతసేపే ఈ వేడి తెలియకుండా ఉంటుంది. డెలివరీ వాల్వు మూసి ఉండగా మోటారు వేశారనుకోండి. నీళ్లు కదలవు, ఎత్తు ఎక్కవు, షాఫ్టు శక్తి మొత్తం అక్కడే వేడవుతుంది. మోటారు 2,500 వాట్లు తీసుకుంటున్నా, పంపు లోపలా చుట్టూ కలిపి 20 లీటర్ల నీళ్లే ఉంటే నిమిషానికి 1.8 డిగ్రీల చొప్పున కాగుతాయి. ఇరవై నిమిషాలకు 36 డిగ్రీలు పెరుగుతుంది. ప్లాస్టిక్ ఇంపెల్లర్లు మెత్తబడి బౌల్‌కు అతుక్కుంటాయి. బోరులో నీళ్లు పంపు కిందికి జారిపోయినా ఇదే కథ, ఇంకా తొందరగా. మోటారును చల్లబరిచేది దాని పక్కనుంచి పారే నీళ్లే కదా. డ్రై రన్ అయినప్పుడు ఆపేసే పరికరం ఉన్న ప్యానెల్ కొనడం మా దృష్టిలో కొత్త మోటారు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని.

వోల్టేజీ పడిపోయినప్పుడు కాలిపోవడానికీ కారణం ఈ లెక్కే. 400 ఉండాల్సింది 340 అయినా నీళ్లెత్తే పని తగ్గదు, కాబట్టి మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది, దాదాపు 18 శాతం. వైండింగ్ వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది, కాబట్టి అది 38 శాతం ఎక్కువ. నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగతా రెండింటిలో ఆంపియర్లు ఒకటిముప్పావు రెట్ల దాకా ఎగబాకి, వేడి మూడింతలవుతుంది. ఒక ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు లేకుండా, కరెంటు రాగానే తనంతట మోటారు వేసే ఆటో స్టార్టరు మీద వదిలేసిన మోటార్లు రాత్రికి రాత్రి కాలిపోయేది ఇలాగే.

ఏది ముందు బాగుచేయాలి

వాట్ల వరసే ఖర్చు వరస కాదు. ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు. రెండు ఫేజు వైర్లు మార్చి బిగించి ధార చూడండి. పంపు తిరగబడి తిరుగుతున్నా నీళ్లు పైకే వస్తాయి, కాకపోతే బాగా తక్కువ. రెండు దిశల్లో ఏది ఎక్కువ నీళ్లిస్తే అదే సరైన దిశ. కొత్తగా పంపు దించాక, ట్రాన్స్‌ఫార్మరు మార్చాక ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

తర్వాత ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు. మోటారు ఆపి పది నిమిషాలాగి మళ్లీ వేయండి. రెండు మూడు సెకన్లలో నీళ్లొస్తే పైపు నిండుగా ఉంది. అరనిమిషం పడితే వాల్వు పట్టడం లేదు, లేదా కాలమ్ పైపు కారుతోంది. ఆగినప్పుడల్లా ఆ నీళ్ల స్థితి శక్తి కిందికి పడుతూ పంపును వెనక్కి తిప్పుతుంది. అది వెనక్కి తిరుగుతుండగానే ఆటో స్టార్టరు మోటారు వేస్తే షాఫ్టు, కప్లింగ్ విరుగుతాయి. అందుకే ఆటో స్టార్టరులో ఆలస్యం కనీసం రెండు మూడు నిమిషాలు పెట్టుకోవాలి.

పంపు ఎలాగూ పైకి తీయాల్సి వస్తే అప్పుడే అన్నీ మార్చాలి: పెద్ద కాలమ్ పైపు, 4 చదరపు మిల్లీమీటర్ల కేబులు, కొత్త ఇంపెల్లర్లు, నైలాన్ ట్యూబు. చైన్ పుల్లీ కూలి ఒక్కసారితో పోతుంది. మన ఉదాహరణలో పైపు రెండంగుళాలకు మార్చి, పంపు దక్షత 58కి తెస్తే అదే 4,900 వాట్లకు ధార సెకనుకు 2.8 లీటర్లకు చేరుతుంది. 9 గంటలకు 64,800 లీటర్ల బదులు 90,000 లీటర్లు. ఇది కాగితం మీది అంకె. ఎక్కువ తోడితే మట్టం ఇంకా జారుతుంది, బోరుకు ఊట ఉంటేనే అన్ని నీళ్లూ దక్కుతాయి. ఊట లేని బోరుకు పెద్ద హెచ్‌పీ మోటారు దించడం మాత్రం డ్రై రన్‌ను కొని తెచ్చుకోవడమే.

కెపాసిటరు గురించి ఒక మాట. 5 హెచ్‌పీ మోటారుకు స్టార్టరు దగ్గర 2 కేవీఏఆర్ కెపాసిటరు పెడితే లైనులో ఆంపియర్లు తగ్గుతాయి, ట్రాన్స్‌ఫార్మరు చల్లగా ఉంటుంది, వోల్టేజీ కాస్త నిలబడుతుంది. తప్పక పెట్టాలి. కానీ అది మోటారు తినే యూనిట్లను తగ్గించదు. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే డబ్బాలను కొనవద్దు.

ఒకసారి మోటారు తిప్పితే దానితో జనరేటరు తిరిగి, ఆ కరెంటుతోనే మోటారు నడుస్తూ పైగా ఇంటికీ మిగులుతుందని చూపే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. లెక్క వేయండి. మోటారుకు 100 యూనిట్లిస్తే షాఫ్టుకు 80, జనరేటరు 85 శాతంతో తిప్పితే చేతికి 68. వాటిని మళ్లీ మోటారుకిస్తే 46, ఆపై 31. ఫ్లైవీల్ ఎంత బరువైనది పెట్టినా, అది మనం పోసిన శక్తిని కాసేపు దాచి తిరిగి ఇస్తుందే తప్ప కొత్తగా పుట్టించదు. అప్పు చేసి ఆ యంత్రాల మీద డబ్బు పోసే రైతు నష్టపోకుండా ఉండాలంటే, అమ్మేవాడి ముందే రెండు మీటర్లు పెట్టి లోపలికి ఎంత, బయటికి ఎంత అని చూపమనాలి.

రొయ్యల గుంట దగ్గర

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు కరెంటు పోతే జనరేటరే దిక్కు. లీటరు డీజిల్‌లో ఉన్న రసాయన శక్తి సుమారు 36 మెగాజౌళ్లు, అంటే 10 యూనిట్లు. చేతికొచ్చేది మూడు, మూడుంబావు. తక్కినదాంట్లో పెద్ద భాగం సైలెన్సరు గొట్టం గుండా, రేడియేటరు గుండా వేడిగా పోతుంది. అంటే 15 కిలోవాట్ల కరెంటు ఇస్తున్న సెట్టు దాదాపు 30 కిలోవాట్ల వేడి వదులుతోంది. షెడ్డు మూసి పెడితే ఆ వేడిగాలే మళ్లీ రేడియేటరులోకి వచ్చి ఇంజిన్ ట్రిప్పవుతుంది. రేడియేటరు ముందువైపు నేరుగా బయటికి తెరుచుకునే దారి ఉండాలి.

కొలవడం తేలిక. ట్యాంకు మూతిదాకా నింపి, మీటరు అంకె రాసుకుని గంట నడపండి. మళ్లీ మూతిదాకా కొలజాడీతో పోయండి. యూనిట్లను లీటర్లతో భాగించండి. 25 కేవీఏ సెట్టు మీద నాలుగు ఏరియేటర్లే (గుంట నీళ్లలో గాలి కలిపే తెడ్ల యంత్రాలు) నడిపితే ఇది 2.5కు పడిపోతుంది. ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికయ్యే ఖర్చు లోడు తగ్గినా తగ్గదు కదా. నాలుగు ఏరియేటర్లకు చిన్న సెట్టు చాలని వెంటనే అనుకోకండి. మోటారు కదిలే క్షణంలో మామూలుకు ఆరు రెట్ల దాకా ఆంపియర్లు లాగుతుంది. ఒక్కొక్కటిగా, మధ్యలో పది సెకన్లు ఆగి వేస్తే చిన్న సెట్టుతో సరిపోతుంది, అన్నీ ఒకేసారి వేస్తే పెద్దదీ కూర్చుండిపోతుంది.

ఏరియేటరు తెడ్లు నీళ్లను కొట్టినప్పుడు ఆ శక్తి చివరికి ఏమవుతుంది? అలలుగా, తుంపరలుగా మారి, అవి సద్దుమణిగాక వేడవుతుంది. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ చేసిన ప్రయోగం సరిగ్గా ఇదే. బరువులు కిందికి దిగుతూ పాత్రలోని తెడ్లను తిప్పుతుంటే నీళ్లు ఎంత వేడెక్కాయో ఆయన థర్మామీటరుతో పట్టాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే, 427 మీటర్ల ఎత్తునుంచి పడ్డ నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలి. శక్తిని కొలిచే జౌలుకు ఆ పేరు అందుకే వచ్చింది. ఎకరం గుంటలో 1.5 మీటర్ల లోతు నీళ్లుంటే అవి 60 లక్షల లీటర్ల పైమాటే. నాలుగు 2 హెచ్‌పీ ఏరియేటర్లు రాత్రి పది గంటలు 65 యూనిట్లు తిన్నా నీళ్లు వేడెక్కేది డిగ్రీలో వందో వంతు. ఏరియేటర్ల వల్ల నీళ్లు కాగుతాయన్న భయం అక్కర్లేదు. యూనిట్‌కు ఎంత ఆక్సిజన్ కరిగిందన్నదే చూడాలి. ప్రాణవాయువు లేని శుభ్రమైన నీళ్ల పరీక్షతొట్టిలో తెడ్ల ఏరియేటరు యూనిట్‌కు 2 కిలోల దాకా కరిగిస్తుంది, గుంటలో అప్పటికే కొంత కరిగి ఉంటుంది కాబట్టి అందులో కొంతభాగమే దక్కుతుంది. తెడ్లు మరీ లోతుగా మునిగితే మోటారు ఆంపియర్లు పెరుగుతాయి, తుంపర మాత్రం తగ్గుతుంది. ఫ్లోట్లు సర్ది, ఆంపియర్లు మోటారు పలకమీద రాసినదాన్ని దాటకుండా చూడాలి.

ఇంకాస్త వెనక్కి పోతే నేలటూరు థర్మల్ కేంద్రం ఉంది. అక్కడి 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లలో కూడా బొగ్గు వేడిలో 40 శాతానికి అటూ ఇటూ మాత్రమే కరెంటవుతుంది. తక్కినది చిమ్నీ, కూలింగ్ టవర్ల గుండా గాలిలోకి పోతుంది. అందులో మన బోరు 28 శాతం తీసుకుంటే, లైను నష్టాలు కలపకుండానే బొగ్గు శక్తిలో సుమారు 11 శాతమే పాదులోని నీళ్ల దాకా వచ్చింది.

సోలార్ పంపుకు ఈ లెక్కంతా ఇలాగే పనిచేస్తుంది, మొదటి మెట్టు ఒక్కటే వేరు. 5 హెచ్‌పీకి 4,800 వాట్ల ప్యానెళ్లు వస్తాయి. ఆ అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచినది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున 14 నుంచి 16 శాతం తగ్గుతుంది. దుమ్ము కడగాలంటే తెల్లవారుజామునే కడగండి. కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

స్టార్టరు పెట్టె తలుపు లోపల రాయాల్సినవి

తేదీ, 200 లీటర్లకు సెకన్లు, తోడుతున్నప్పటి మట్టం, మూడు ఫేజుల ఆంపియర్లు, వోల్టులు. వానాకాలానికి ముందొకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, మే నెలలో ఒకసారి. పంపు కొత్తగా దించిన రోజున ఇంకో అంకె కూడా రాయండి: గేట్ వాల్వు అరనిమిషానికి మించకుండా మూసినప్పుడు గేజీ చూపే కిలోలు. నీటిమట్టం అరవై మీటర్ల కన్నా తక్కువ లోతులో ఉంటే 7 కిలోల గేజీ చాలకపోవచ్చు, 16 కిలోలది పెట్టుకోండి.

మట్టం జారి, నీళ్లు తగ్గి, ఆంపియర్లు దాదాపు అలాగే ఉంటే లోపం పంపులో లేదు, బోరులో ఉంది. మట్టం అలాగే ఉండి నీళ్లు తగ్గితే, వాల్వు మూసి గేజీ చూడండి. పాత అంకె కన్నా తగ్గి, బోరు మూతి దగ్గర చెవి పెడితే లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తే కాలమ్ పైపు చిల్లు. చప్పుడు లేకపోతే ఇంపెల్లర్లు అరిగాయి. నీళ్లు అలాగే ఉండి ఆంపియర్లు పెరిగితే ముందు వోల్టేజీ చూడండి. వోల్టేజీ బాగుంటే బేరింగ్‌లో ఇసుక పడింది, కాలిపోకముందే పైకి తీయాలి. మూడు ఫేజుల్లో ఒకటి మిగతావాటికన్నా పది శాతం తేడాగా ఉంటే ఫ్యూజు దగ్గరో, స్టార్టరులోనో ఒక జాయింటు వదులైంది. మెయిన్ ఆపి, చల్లారాక, నల్లబడ్డ స్క్రూ ఎక్కడుందో వెతకండి.